నేను రాసిన సాక్ష్యం

మా ఊళ్లో నా నోటికి జడవని మనుషులు ఇద్దరే. ఒకరు పక్కింటి నాగక్క. ఆమెకు బ్రహ్మచెవుడు, కాబట్టి లెక్కలోకి రాదు. రెండోవాడు నా తమ్ముడు దాసన్న. నేను ఎంత తిట్టినా పళ్లికిలించి, "అయిపాయనా అక్కా, ఇంకా ఉండాదా?" అని అడిగేవాడు. అలాంటివాడు ఒకే ఒక్కసారి నా మాట పొల్లుపోకుండా విన్నాడు. ఇప్పుడు చెప్పబోయేది ఆ ఒక్కసారి గురించే.

మా ఊరు బనగానపల్లెకు మూడు మైళ్లు. ఊరికి తూర్పున మా పేట, పేట మధ్య నాపరాళ్లతో కట్టిన చర్చి, చర్చి వెనక మిషను బడి. ఆ బడిలో నేను టీచరును. పేరు విశ్వాసమ్మ. మా అమ్మ పోయేనాటికి నాకు పద్నాలుగేళ్లు, దాసుకు నాలుగు. నాయన రాళ్ల గనిలో పనికి పోతే వాడికి సంగటి కలిపి పెట్టిందీ, ముక్కు తుడిచిందీ, పాటలు నేర్పిందీ నేనే. పెళ్లి నాకు కుదరలేదు. కుదుర్చుకోలేదంటే నిజం. దాసు నాలుగో తరగతి దాకా చదివి, ఇక నావల్ల కాదని నాయన వెంట గనికి పోయాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేవాడు. రాయి విషయంలో మాత్రం వాడిదే పై చేయి. బండను సుత్తితో ఒక్కసారి తట్టి, చెవి ఒగ్గి, "ఇది పనికొస్తాది, అది పనికిరాదు" అని చెప్పేవాడు. గట్టి బండ ఖంగున పలుకుతుందట. లోపల పగులుంటే పైకి ఎంత నునుపుగా కనిపించినా మొద్దుగా పలుకుతుందట. ఆదివారం చర్చిలో డోలక్ వాయించేదీ వాడే. వాడు డోలక్ మీద చేయి వేస్తే ముసలి బొజ్జన్న కూడా మెడ ఊపేవాడు. బొజ్జన్న మా సంఘపెద్ద, మామూలుగా దేనికీ ఊగే రకం కాదు.

యాభై రెండులో కరువొచ్చింది. గనిలో పని నిలిచిపోయింది. సర్కారు వాళ్లు గంజి పోస్తుంటే పేటంతా ముంతలు పట్టుకుని వరుసలో నిలబడ్డాం. ఆ ఏడాదంతా దాసే అందరికీ ధైర్యం చెప్పాడు. ముసలివాళ్ల ముంతలు వాడే మోసుకొచ్చేవాడు. మరుసటి ఏడు వానలు పడ్డాయి. కర్నూలు రాజధాని అయింది, అక్కడ ఇళ్లు లేపుతున్నారని మా బండలకు గిరాకీ పెరిగింది. అందరి ముఖాలూ తెరిపిన పడ్డాయి. అప్పుడు పడిపోయాడు నా తమ్ముడు. కరువులో పడనివాడు కరువు తీరాక పడిపోయాడు.

జ్వరం లేదు, దగ్గు లేదు. అన్నం ముందు కూర్చుంటే చేయి కదిలేది కాదు. గనికి పోయి సుత్తి పట్టుకుని ఊరికే కూర్చునేవాడు. డోలక్ గోడకు వేలాడుతూ ఉండిపోయింది. వాడి భార్య రత్నమణి నా దగ్గరికొచ్చి కళ్లు తుడుచుకుంది.

"వదినా, పలకరిస్తే పలకడు. బిడ్డను ఎత్తుకోమంటే ఎత్తుకుంటాడు గానీ, యాడో చూస్తాంటాడు. నాకు భయంగా ఉండాది."

నేను వాణ్ని కూర్చోబెట్టి అడిగాను.

"ఏమో అక్కా. ఏ దిగులూ లేదు. అంతా బాగుండాది. బాగుండాదని తెలుస్తాంది. అయినా లోపల మొద్దుగా పలుకుతాంది."

ఆ మాట నాకు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని తప్పు అనుకోవడం నా వృత్తి నేర్పిన జబ్బు.

నాగక్క తనకు వినిపించనివన్నీ కళ్లతో చూసి పట్టేస్తుంది. కడప దర్గాకు తీసుకుపోయి మూడు గురువారాలు నిద్ర చేయించమంది. తన చెల్లెలి కొడుకు అలాగే బాగయ్యాడట. రత్నమణి మూట కట్టుకోవడానికి సిద్ధమైంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. "మన ఇంట్లో ప్రార్థన చచ్చిపోయిందా? యాడికీ పోయే పని లేదు. మనసు వాడిది, వాడే సరిచేసుకోవల్ల. నేను చేయిస్తా చూడు" అన్నాను.

చేయించాను కూడా. బడి పిల్లలకు వేసినట్టు వాడికి టైంటేబుల్ వేశాను. కోడి కూసే వేళకు లేవాలి. మూడు పాటలు పాడాలి. గనికి పోయే ముందు ఒక మైలు నడవాలి. సాయంత్రం పలక మీద ఆ రోజు దేవుడిచ్చిన మేళ్లు ఐదు రాసి నాకు చూపించాలి. ముప్పై ఏళ్ల మనిషి, చేతులు రాళ్లకు కాయలు కాసిన మనిషి, పిల్లవాడిలా పలక పట్టుకుని నా ముందు నిలబడేవాడు. మొదటి వారం ఐదూ రాశాడు. తర్వాత మూడు. ఒకరోజు ఒకటే మాట రాసి తెచ్చాడు. 'అక్క'.

"తక్కిన నాలుగూ ఏవిరా?" అన్నాను నేను.

ఆ పలక ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అక్షరాలు ఏనాడో చెరిగిపోయాయి. ఆ ఒక్క మాట చదివి ఆ రోజు నేను వాడి తల మీద చేయి వేసి ఉంటే ఎలా ఉండేదో అని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్క లేదు.

నెలకొకసారి మా ఊరికి వచ్చి ఆరాధన జరిపే అయ్యగారు, డోలక్ లేకపోవడం చూసి రత్నమణిని అడిగారు. కర్నూలు మిషను ఆసుపత్రిలో ఏసేపు అని ఒక డాక్టరు ఉన్నాడనీ, కడప వాడనీ, మద్రాసులో మనసు జబ్బులకు చదువుకుని వచ్చాడనీ, శనివారం శనివారం అలాంటివాళ్లను చూస్తాడనీ చెప్పారు. "వైద్యుణ్ని కూడా దేవుడే ఇచ్చినాడమ్మా" అన్నారట. నాతో అంటే నేను వాదించేదాన్ని కాబట్టి నాతో అనలేదు. రత్నమణి కూడా నాతో చెప్పకుండా వాణ్ని ఏడు గంటల బస్సు ఎక్కించింది.

సాయంత్రం వాడు దిగగానే పట్టుకున్నాను.

"ఏం మందిచ్చినాడు?"

"నిద్రకు ఒక సీసా ఇచ్చినాడు. తక్కింది మాటలే."

"ఏం మాటలు?"

"నేను మాట్లాడతా. ఆయప్ప వింటాడు."

నాకు ఒళ్లు మండింది. "మూడు గంటలు బస్సులో పోయి మాట్లాడి వస్తాండావా? మాట్లాడేదానికి ఈడ మనుషులు లేరా? నేను చచ్చిపోయినానా?"

వాడు చాలా రోజులకు నవ్వాడు. "నువ్వు వినవక్కా. నువ్వు దిద్దుతావు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. గుచ్చుకుంది గనకే, "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, తెలుసుకో. ఇంటి గుట్టంతా ఆ డాక్టరు ముందు పరుస్తాండావా?" అన్నాను. వాడు రెండో శనివారం పోయాడు. మూడో శనివారమూ పోయాడు. మూడోసారి వచ్చిన రాత్రి రెండు ముద్దల సంగటి తిన్నాడని రత్నమణి చెప్పింది. సోమవారం బిడ్డ ఏడుస్తుంటే గోడ మీది డోలక్ దించి దానికి వినబడేటట్టు మెల్లగా వాయించాడు. నేను బడిలో ఎక్కాలు చెప్పిస్తూ ఆ చప్పుడు విన్నాను. విని నేను చేసిందేమిటి? నా ఉపవాసాలు ఫలించాయని అనుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. స్త్రీల ప్రార్థన కూటంలో నేను అప్పటికే చెప్పుకున్నాను, తమ్ముడి కోసం ఇరవై ఒక్క రోజులు ఒంటిపూట ఉంటున్నానని. పేటలో ఆడవాళ్లంతా నన్ను చూసి అబ్బురపడ్డారు. ఇంతలో బావి దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. దాసన్న పిచ్చాసుపత్రికి పోతున్నాడట, టీచరమ్మ తమ్ముడే పిచ్చాసుపత్రికి పోతే ఇక మనకు దిక్కేమిటి అని. ఆ డాక్టరే బాగుచేస్తే నా ఒంటిపూట ఏమైనట్టు? నా ప్రార్థన ఏమైనట్టు? నాకు తమ్ముడు బాగుపడాలని ఉండింది. వాడు నావల్ల బాగుపడాలని అంతకంటే ఎక్కువ ఉండింది. ఇది ఒప్పుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది.

మా దగ్గర జొన్న కోతలయ్యాక చర్చిలో కోత పండుగ చేస్తారు. ఎవరి శక్తి కొద్దీ వాళ్లు జొన్న కంకులూ, గుమ్మడికాయలూ, కోళ్లూ తెచ్చి బల్ల ముందు పెడతారు. తర్వాత ఆ ఏడు దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి చెబుతారు. దాన్ని సాక్ష్యం అంటాం. ఒకసారి సాక్ష్యం చెప్పాక మాట వెనక్కి తీసుకునేది ఉండదు. జబ్బు పోయిందని చెప్పినవాడు మళ్లీ మూలిగితే, జబ్బు తిరిగొచ్చిందని ఎవరూ అనరు. విశ్వాసం నుంచి తప్పిపోయాడంటారు.

దాసు చేత సాక్ష్యం చెప్పించాలని నేను నిర్ణయించాను. వాడికి మాటలు రావని, నేనే రాశాను. గీతల కాగితాలు నాలుగు. పది రోజులు దిద్ది దిద్ది రాశాను. నా జీవితంలో అంత మంచి తెలుగు మళ్లీ రాయలేదు.

వాడు నా పక్కన కూర్చుని వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు. మూడో కాగితం దగ్గర వేలు ఆగిపోయింది.

"'ఏ వైద్యుని సాయమూ లేకుండా' అని రాసినావే. ఇది అబద్ధం కదక్కా."

"నాలుగైదు సార్లు పోయి మాట్లాడితే అది వైద్యమా?"

"నాకు ఇంకా పూర్తిగా కాలేదు. వానకారు దాకా రమ్మన్నాడు డాక్టరు. సగంలో ఉండా నేను. సగంలో ఉండి అయిపాయనని ఎట్ల చెప్పేది?"

"చెప్పు. చెప్తే అయితాది. నోట పలికితే మనసు దాని వెంట వస్తాది. సగం విశ్వాసం పెట్టుకుంటే సగం బాగే అయితాది."

"ఇవి నీ మాటలక్కా. నావి కాదు."

"నువ్వు చెప్తే నీవే అయితాయి."

వాడు నన్ను చాలాసేపు చూశాడు. నాలుగేళ్ల వయసులో ఆకలేసినప్పుడు ఎలా చూసేవాడో అలాగే చూశాడు. తర్వాత కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ సారి "అయిపాయనా అక్కా" అని అడగలేదు.

కోత పండుగ రోజు లేచి నిలబడి ఒక్క మాట తప్పకుండా అప్పజెప్పాడు. మూడో కాగితంలోని ఆ మాట కూడా. అయ్యగారు వేరే ఊళ్లో ఉన్నారు, బొజ్జన్నే ఆరాధన నడిపాడు. నడిపినవాడు పైపంచెతో కళ్లు ఒత్తుకున్నాడు. జనమంతా ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది నేను. రత్నమణి మాత్రం తలెత్తలేదు. ముందున్న గుమ్మడికాయల్ని చూస్తూ కూర్చుంది.

ఆ వారం శనివారం పొద్దున వాడు గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని బయలుదేరాడు. నేను ఎదురుపోయాను.

"మొన్న చర్చిలో ఏం చెప్పినావు? ఇప్పుడు బస్సెక్కితే దేవుని ఎదుట అబద్ధమాడినట్టు కాదా? ఊరు ఊరంతా చూస్తాండాది."

రత్నమణి వాకిట్లోంచి కేకేసింది. "వదినా, నీకు దండం పెడతా. పోనీ వదినా."

వాడు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, వెనక్కి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. అంతే. మళ్లీ కర్నూలు పోలేదు.

పక్షం రోజులకు బడికి కార్డు వచ్చింది. పేటకు వచ్చే జాబులన్నీ బడిలోనే ఇచ్చిపోతాడు తపాలా అతను, నేనే చదివి చెబుతాను. దాసన్న పేర వచ్చిన కార్డు అది. 'దాసన్నా, రెండు శనివారాలు నీ కోసం చూశాను. ఒంట్లో బాగుందా? ఏసేపు.' దాన్ని హాజరు పుస్తకంలో పెట్టి మూశాను. వాడు కుదుటపడ్డాక ఇద్దామని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మరో నెలకు రెండో కార్డు వచ్చింది. అదీ దాంట్లోనే పెట్టాను. వానలు మొదలయ్యాక మూడోది వచ్చింది. దాన్ని చదివి కాసేపు పిల్లలకు పాఠం చెప్పలేకపోయాను. అయినా పుస్తకంలోనే పెట్టాను.

ఇటు దాసు సాక్ష్యం ఊళ్లు దాటింది. కోవెలకుంట్ల వైపు పల్లెల నుంచి కూడా కబురు పెట్టి పిలిపించుకున్నారు. నేనే వెంటబెట్టుకుపోయేదాన్ని. నిలబడి అవే మాటలు చెప్పేవాడు. దిగులుతో మంచం పట్టినవాళ్లను తెచ్చి వాడి ముందు కూర్చోబెట్టి, "నువ్వెట్ల బాగైనావో మావాడికి చెప్పప్పా" అని అడిగేవాళ్లు. వాడి ముఖం పాలిపోయేది. ఒకసారి తిరిగొస్తుంటే దారిలో ఆగి అన్నాడు.

"అక్కా, ఈ పొద్దు నా ముందు కూర్చోబెట్టిన పిల్లోడు నన్ను చూసి, నా అంతట నేనే బాగైనానని నమ్ముకున్నాడు. ఆ పిల్లోడు రేపు బాగు కాకపోతే, తప్పు తనదే అనుకుంటాడు కదా."

"నువ్వు ఎక్కువ ఆలోచిస్తాండావు" అన్నాను.

మళ్లీ తిండి తగ్గింది. డోలక్ గోడకెక్కింది. అడిగితే మాత్రం "బాగుండా అక్కా" అనేవాడు. వేరే ఏ మాటా అనడానికి నేను దారి ఉంచలేదు కదా. ప్రతి శనివారం గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని రోడ్డు దాకా పోయేవాడు. ఏడు గంటల బస్సు ఆగి, జనాన్ని ఎక్కించుకుని, దుమ్ము లేపుకుంటూ పోయేదాకా చూసి తిరిగొచ్చేవాడు. కొన్నాళ్లకు అక్కడ రెండు రాళ్ల మీద ఒక పెద్ద నాపబండ పరిచి, అంచులు నునుపు చెక్కి, బస్సుకు వచ్చేవాళ్లు కూర్చోవడానికి అరుగు కట్టాడు. పరోపకారం చేస్తున్నాడు, మనసు కుదుటపడిందని నలుగురికీ చెప్పుకున్నాను. వాడు దేనికోసం అక్కడ నిలబడేవాడో నాకు తెలియదా? తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

యాభై ఆరు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం బడి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పిల్లలు పలకలు తుడుచుకుంటున్నారు.

"అక్కా, కర్నూలు నుంచి నాకేమన్నా జాబు వచ్చెనా?"

హాజరు పుస్తకం నా చేతి కిందే ఉంది. నిజం చెప్పి ఆ మూడు కార్డులూ తీసి వాడి చేతిలో పెట్టడానికి దేవుడు నాకిచ్చిన సమయం అది. రెండేళ్లు దాచిన సంగతి వాడికి తెలిస్తే నా ముఖం ఎలా చూపించుకోవాలని మాత్రమే తోచింది.

"రాలేదు" అన్నాను.

"సరేలే" అన్నాడు. "ఆయప్పకు ఎంతమందో. మర్చిపోయింటాడు."

వానకారులో ఒక శనివారం, బస్సు పోయాక వాడు ఇంటికి రాలేదు. ఊరి పడమట పాత గని గుంత ఉంది, వానలకు నిండుతుంది. అక్కడ దొరికాడు. ఉతికిన చొక్కా, గీసుకున్న గడ్డం. పాచి పట్టిన రాళ్ల మీద కాలు జారిందని ఊరంతా అన్నారు. వేరే మాట ఎవరి నోటా రాకముందే బొజ్జన్న ఆ మాట అందుకున్నాడు, ఆ విషయంలో నేను ఆయనకు రుణపడి ఉన్నాను. నేనూ అదే అన్నాను. రత్నమణి ఏమీ అనలేదు. జేబులో నా నాలుగు కాగితాలు తడిసి ముద్దయి ఉన్నాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నెల తిరగ్గానే నేను ఏడు గంటల బస్సు ఎక్కాను. ఎందుకు పోతున్నానో నాకే తెలియదు. డాక్టరు ఏసేపు నేననుకున్నంత పెద్దవాడు కాదు, నలభై ఏళ్లు ఉంటాయేమో. సన్నటి మనిషి. చిన్న గది, రెండు కుర్చీలు, కిటికీలో నీళ్ల కూజా. దాసు కూర్చున్న కుర్చీ ఏదో నాకు అడగకుండానే తెలిసింది. నా పేరు చెప్పగానే ఆయన లేచి నిలబడ్డాడు.

"దాసన్న అక్కగారా? మీ గురించి చాలా చెప్పేవాడు."

"ఏం చెప్పేవాడు సార్?"

"అది ఆయన నాతో చెప్పుకున్నది కదమ్మా. నేను చెప్పకూడదు."

వాడు లేడని చెప్పాను. ఆయన మెల్లగా కూర్చున్నాడు. తర్వాత, "నా కార్డులు అందలేదేమో అనుకున్నాను. నేనే ఒకసారి మీ ఊరికి వచ్చి ఉండాల్సింది" అన్నాడు. తప్పు తన మీద వేసుకుంటున్న ఆ మనిషి ముందు కూడా నా నోరు పెగల్లేదు. ఊరంతా జడిసే నోరు. "మళ్లీ శనివారం వస్తారా?" అని అడిగాడు. వస్తానన్నాను.

నాలుగు శనివారాలు పోయాను. అమ్మ గురించి చెప్పాను, సంగటి గురించి చెప్పాను, పలక గురించి చెప్పాను. ఆయన దిద్దలేదు. ఎక్కడా అడ్డం రాలేదు. నేను ఏడుస్తుంటే ఏడవనిచ్చాడు. ఐదో శనివారం, "కార్డులు అందినాయి సార్" అన్నాను. "మూడూ అందినాయి. నేనే ఇవ్వలేదు."

ఆయన కిటికీ వైపు చూశాడు. కోపం వచ్చిందనుకుంటాను. రాకపోతే ఆయన మనిషే కాడు. కాసేపటికి అన్నాడు. "నాతో చెప్పుకోవడం మంచిదే అయింది. కానీ ఇది వినాల్సినవాళ్లు వేరే ఉన్నారు కదమ్మా."

ఈ ఏడు కోత పండుగకు బొజ్జన్న ఎప్పటిలాగే, "సాక్ష్యం చెప్పేవాళ్లెవరన్నా ఉన్నారా?" అని అడిగాడు. నేను లేచాను. టీచరమ్మ లేచిందంటే అందరూ సర్దుకుని కూర్చుంటారు, ఒక గంట పడుతుందని. కాగితం ఏదీ రాసుకోలేదు. హాజరు పుస్తకం మాత్రం చేతిలో ఉంది.

"మూడేండ్ల కిందట నా తమ్ముడు ఈడ నిలబడి చెప్పిన సాక్ష్యం వాడిది కాదు. నేను రాసిచ్చింది. వాడికి బాగు కాలేదు. బాగవుతా ఉండినాడు. దేవుడు ఆ పని డాక్టరు చేత చేయిస్తాంటే నేను అడ్డం పడినా."

"టీచరమ్మా, పండుగ పూట ఏమమ్మా ఇది, కూర్చో" అన్నాడు బొజ్జన్న.

"కూర్చోను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని నేనే వాడికి చెప్పినా. ఈ పొద్దు నేను చించుకుంటాండా. పడితే పడనీ."

పుస్తకం తెరిచి మూడు కార్డులూ తీశాను. మొదటి రెండూ చదివాను. మూడోదాన్ని ప్రతి అక్షరమూ వినబడేటట్టు చదివాను.

'దాసన్నా, నువ్వు రాకపోవడం తప్పు కాదు. రావాలనిపించిన శనివారం రా. ఇన్నాళ్లయిందే, మళ్లీ మొదటి నుంచి చెప్పాలేమో అని సందేహించవద్దు. ఆపిన చోటి నుంచే చెప్పవచ్చు. ఏసేపు.'

ఎవరూ ఆమెన్ అనలేదు. ఆడవాళ్ల వరుసలోంచి రత్నమణి లేచి వచ్చింది. నా చేతిలోంచి కార్డులు ఒక్కొక్కటిగా తీసుకుంది. తేదీలు చూసింది. వాడి పేరును బొటనవేలితో నిమిరింది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను, తిట్టి ఉంటే బాగుండేది. బిడ్డ చేయి పట్టుకుని వాకిలి దాటి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి నేను ఎదురుపడితే తల పక్కకు తిప్పుకుంటుంది. వదినా అని పిలవడం మానేసింది. అది నాకు రావలసిందే.

ఆరాధన ముగిశాక నా దగ్గరికి ఎవరూ రాలేదు. పుస్తకం బడిలో పెట్టి తాళం వేసుకుంటుంటే వెనక ఎవరో నిలబడ్డట్టు తోచింది. గిడ్డమ్మ. పేట చివరి ఇంట్లో ఉంటుంది. పోయిన ఏడు బిడ్డను పోగొట్టుకుంది. అప్పటి నుంచి గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ చూసింది.

"టీచరమ్మా, ఆ బస్సు ఎన్ని గంటలకు?"

"ఏడు గంటలకు."

"శనివారమేనా?"

"శనివారమే. నేనూ వస్తాలే."

దాసు అడిగినప్పుడు నేను ఇవ్వలేకపోయినదీ ఇంతే. నాలుగు ముక్కల నిజం.

శనివారం పొద్దున ఇద్దరం రోడ్డు దగ్గరికి పోయాం. మంచు ఇంకా విడలేదు, బస్సుకు వేళ ఉంది. గిడ్డమ్మను ఆ బండ మీద కూర్చోమన్నాను. కూర్చుని, పక్కన చోటు చూపించి, "నువ్వూ కూర్చో టీచరమ్మా, నునుపుగా శానా బాగుండాది" అంది. నేను కూర్చోలేదు. వాడు నిలబడిన చోట, బస్సు వచ్చేదాకా నిలబడే ఉన్నాను.